సగం గీసిన పిట్ట

మొన్నొక ఆదివారం మా అమ్మాయి మేఘనకు లెక్కల హోంవర్కు కోసం గ్రాఫు కాగితం కావాల్సి వచ్చింది. వనపర్తిలో మా వీధి చివరి పుస్తకాల కొట్టు ఆదివారం తీయరు. ఆ సంగతి శనివారమే గుర్తుకు రావద్దా అని నేను ఎత్తుకున్న పాఠాన్ని మా అమ్మ మధ్యలోనే తెంపేసింది. "ఇంట్ల కట్టలకు కట్టలు గ్రాఫులు పెట్టుకొని కొనుడేందే" అని మంచం కింద ఉన్న తన ట్రంకుపెట్టెను కాలితో బయటికి తోసింది. ఆ పెట్టె గద్వాల నుంచి మాతో వచ్చింది. మూత తీస్తే ఇప్పటికీ గంజి వాసన, నాఫ్తలీన్ గోలీల వాసన, వాటి అడుగున పాత పట్టు వాసన వస్తాయి. పైన అమ్మ చీరలు, కింద పూర్తికాని ఒక సగం చీర, దాని మడతల మధ్య మా నాయిన గ్రాఫుల కట్ట. నాయిన మగ్గం నేసేవాడు. చీర అంచు మీదికి ఏ బొమ్మ రావాలన్నా ముందు గ్రాఫు కాగితం మీద పెన్సిలుతో గుర్తులు పెట్టుకునేవాడు. వాడని కాగితాలు ఏమైనా దొరుకుతాయేమోనని ఒక్కొక్కటే తీస్తుంటే మధ్యలో గళ్ళు లేని కాగితం ఒకటి చేతికి వచ్చింది. జిరాక్సు కాగితం. దాని మీద పెద్ద చదరం, చదరం నిండా అడ్డదిడ్డంగా నల్లటి గీతలు. అందులో ఒక సగానికి మాత్రం పెన్సిలుతో పెట్టిన ఇంటూ గుర్తులు, చుక్కలు. కాగితం నిండా నలిగిన ముడతలు. వెంటనే గుర్తుపట్టాను. ఒకప్పుడు దాన్ని ఉండచుట్టి మూలకు విసిరికొట్టింది నేనే.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. గద్వాలలో డిగ్రీ చదువుతున్నాను. మాది రెండు గదుల అద్దె ఇల్లు. ముందు గది మొత్తం, నేలలో తవ్విన గుంటలో కూర్చొని నేసే గుంట మగ్గానిది, వెనక గది మా ముగ్గురిది. ఇంటికి వచ్చినవాళ్ళు మగ్గాన్ని చుట్టి వస్తే తప్ప మా దగ్గరికి చేరుకోలేరు. నాయినకు తన చేతులంటే పెద్ద పట్టింపు. గరుకు వేలు తగిలితే పట్టుపోగు లేస్తుందని ప్రతి శనివారం స్నానానికి ముందు వేళ్ళ కొసలను నున్నటి రాయి మీద రుద్దుకునేవాడు. పొద్దున జొన్నరొట్టె, పల్లీల చట్నీ తిని, చేతులు రెండుసార్లు కడిగి, ఒకసారి వాసన చూసుకొని అప్పుడు గుంటలోకి దిగేవాడు. గద్వాల చీర నడుమంతా నూలు, అంచులు పట్టు. రెండు అంచులూ ఒక్క మనిషి చేతికి అందవు, అందుకని పక్కన ఇంకొకరు కూర్చొని అవతలి అంచుకు అడ్డపోగును తీసుకుపోయే నాడె వేయాలి. ఆ రెండో మనిషి మా అమ్మ. వంట, బట్టలు, నీళ్ళు అన్నీ చేసుకొని వచ్చి ఆ నాడె పట్టుకొని కూర్చునేది. రోజంతా ఇద్దరూ మాట్లాడుకునేది పది మాటలు కూడా ఉండవు. నాడె అటు పోయి ఇటు వచ్చే చప్పుడే వాళ్ళ ముచ్చట అనుకునేదాన్ని నేను, ఆ చప్పుడులో చదువుకోలేక విసుక్కుంటూ.

నాయినకు ఇంకొక గుణం ఉండేది. ఎక్కడైనా ఒక చీర అంచు కంటికి ఆనిందంటే అది ఇక ఆయన తలలోంచి పోదు. శ్రీరంగాపురం జాతరకు పోయినప్పుడు ముందు నడుస్తున్న ఒకామె చీర అంచు చూస్తూ, మమ్మల్ని మరిచిపోయి ఆమె వెనకాలే అంగళ్ళ దాకా వెళ్ళిపోయాడు. ఆమె భర్త తిరిగి కాలరు పట్టుకోబోతే అమ్మ ఉరికి వెళ్ళి, మాది మగ్గం పని అన్నా, ఈయన చూసేది మనిషిని కాదు అంచును అని చెప్పి విడిపించుకొచ్చింది. దారి పొడుగునా తిడుతూనే ఉంది. ఇంటికి రాగానే ఆయన చెప్పులు కూడా విప్పకుండా గ్రాఫు కాగితం ముందేసుకొని కూర్చున్నాడు. తెల్లారేసరికి ఆ అంచు కాగితం మీద ఉంది, ఒక్క గడి తేడా లేకుండా. ఆ ఇంటూలకు, చుక్కలకు అర్థమేమిటని నేను ఏనాడూ అడగలేదు. అడిగినా చెప్పేవాడు కాదేమో. "నువ్వు గుంటలకు దిగొద్దు బిడ్డా, సదువుకో" అనేవాడు. ఆ మాటను నేను కొంచెం ఎక్కువగానే పట్టుకున్నాను. మగ్గానికి సంబంధించింది ఏదీ నాకు తెలియకపోవడమే నా చదువుకు గుర్తు అన్నట్టు తిరిగేదాన్ని.

ఒక పొద్దున, మగ్గం మీద చీర సగానికి పైగా అయ్యాక, నాయిన కుడిచేతిలోంచి నాడె జారి గుంటలో పడింది. పరాచికం అనుకొని అమ్మ నాడె ఇయ్యి అని చేయి చాపింది. ఆయన ఇవ్వలేదు. అమ్మ తల తిప్పి చూసేసరికి మూతి ఒక పక్కకు పోయి ఉంది. దవాఖానలో మూడు వారాలు ఉంచి ఇంటికి పంపారు. కుడికాలు ఈడ్చుకుంటూ నడవగలిగేవాడు. కుడిచేయి ఒళ్ళో వేసుకున్న కండువా మాదిరిగా పడి ఉండేది. మాట పూర్తిగా పోయింది. ఏదడిగినా 'ఆ... ఆ...' అన్న ఒక్క శబ్దమే, అది అవునో కాదో మాకు తెలిసేది కాదు. మగ్గం మీద చీరను అలాగే ఉంచి పైన పాత ధోవతి కప్పాం. మా ఇంట్లో ఒక పట్టింపు ఉండేది. పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, ఎవరు ఎక్కించారో వాళ్ళ చేతితోనే చీర కోసి దించాలి. మధ్యలో ఇంకొకరు కత్తెర పెడితే ఎక్కించిన చేతికి ఇక మగ్గం లేదన్నట్టు లెక్క. నాయిన లేచి కూర్చొని ఆ చీర పూర్తి చేసి తానే కోస్తాడని అమ్మ రోజూ ధోవతి ఎత్తి, పోగుల మీద దుమ్ము దులిపి, మళ్ళీ కప్పేది.

వీధిలోని వాళ్ళందరి దగ్గరా తలా ఒక మందు ఉండేది. వెల్లుల్లి నూనె ఒకరు, ఆవనూనె ఒకరు. పావురం నెత్తురుతో మర్దన చేస్తే పడిపోయిన చేయి లేస్తుందని ఎవరో గట్టిగా చెబితే మేనమామ నాలుగు పావురాలను గంపలో పట్టుకొచ్చాడు. వారం రోజులు ఆ పచ్చి నెత్తురు వాసన ఇల్లంతా పట్టుకుంది. శనివారం శనివారం వేళ్ళ కొసలు రుద్దుకున్న మనిషి, తన చేతి మీద ఎండిన నెత్తురును చూస్తూ కూర్చునేవాడు. చేయి లేవలేదు. అప్పుడు ఎవరో వనపర్తిలో పక్షవాతం వాళ్ళకు వ్యాయామం చేయించే మేడం ఒకామె ఉందని చెబితే, మంగళవారం మంగళవారం నేను కాలేజీ మానేసి నాయినను బస్సులో తీసుకుపోవడం మొదలుపెట్టాను. బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన మీదికి రాగానే బస్సులో అందరూ కిటికీల్లోంచి నదిలోకి చిల్లర వేసి దండం పెట్టుకునేవాళ్ళు. నాయిన ఎడమచేతిలో నేనొక బిళ్ళ పెడితే దాన్ని విసిరి, అదే చేత్తో ఒంటిచేతి దండం పెట్టేవాడు. ఆ సగం దండాన్ని చూడలేక నేను నది వైపు తిరిగేదాన్ని.

మేడం చిన్న వయసు మనిషి, ఎక్కడో కోస్తా నుంచి వచ్చింది. ఒక మందుల షాపు పైన ఒకే గది. నాయినను గోడకు ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి వేళ్ళను ఒక్కొక్కటే వంచి చాపించేది. గంటకు పైగా ఆ కుర్చీలో ఆయనకు ఎదురుగా కనిపించేది ఒక్కటే, గోడకు ప్లాస్టరుతో అంటించిన ఒక కాగితం. దాని మీద చదరం, చదరం నిండా ఎర్ర గీతలు, నీలి గీతలు. అదేమిటని అడిగితే మేడం తన బల్ల మీది కాగితం కొంగను చూపించింది. ఆ కొంగను మడిచి, మళ్ళీ పూర్తిగా విప్పేస్తే కాగితం మీద మిగిలే మడతల గుర్తులే ఆ గీతలట. ఎర్ర గీత ఉన్నచోట మడత పైకి లేవాలి, నీలి గీత ఉన్నచోట లోపలికి పోవాలి, అంతే అంది. వేళ్ళకు ఇంతకంటే మంచి పని లేదని, రోగుల చేత చిన్నచిన్న పడవలు, డబ్బాలు మడిపించేది. నా ముందే ఒక కొంగను చకచకా మడిచి చూపించింది కూడా. ఆమె వేళ్ళ వెంట నా కళ్ళు పోలేకపోయాయి. వెళ్ళేటప్పుడు నేను ప్రతిసారీ అడిగే ప్రశ్ననే, ఎప్పుడు నయమవుతుందని, అడిగాను. ఆమె నవ్వి గోడ మీది కాగితాన్ని చూపిస్తూ, "ఈ పిట్టను ఆయన కుడిచేత్తో మడిచిన రోజు ఇక నా అవసరం ఉండదమ్మా" అంది.

ఆమె మాటవరసకు అన్నదని ఇప్పుడు తెలుస్తోంది. పంతొమ్మిదేళ్ళప్పుడు అది నాకు డాక్టరు రాసిచ్చిన చీటీ. పిట్ట వస్తే చేయి వస్తుంది, చేయి వస్తే మగ్గం మీద చీర నాయినే కోస్తాడు. అయితే ఆయనకు నేర్పించాలంటే ముందు నాకు రావాలి. తొమ్మిదో మంగళవారమో పదో మంగళవారమో ఆ కాగితం నాకు కావాలని అడిగాను. మేడం దాన్ని గోడ మీద నుంచి ఊడదీసి, కింద షాపులో జిరాక్సు తీయించి ఇచ్చింది. బస్సులో మడిచి పుస్తకంలో పెట్టుకున్నాను. ఇంటికి వచ్చి విప్పి చూస్తే ఎరుపూ లేదు, నీలమూ లేదు. అన్నీ నల్ల గీతలే. జిరాక్సు మిషనుకు రంగులు తెలియవన్న చిన్న సంగతి మా ఇద్దరికీ తోచలేదు. వచ్చే మంగళవారం పెన్సిలుతో రంగులు గుర్తు పెట్టుకొస్తానులే అనుకున్నాను. వచ్చే మంగళవారం ఆ గదికి తాళం ఉంది. మేడంకు పెళ్ళి కుదిరి వాళ్ళ ఊరికి వెళ్ళిపోయిందని, ఇక రాదని కింద మందుల షాపతను చెప్పాడు. నాయిన మెట్ల దగ్గర గోడను పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఆయనకు ఎలా చెప్పాలో తెలియక, మేడం ఊళ్ళో లేదు నాయినా, వస్తుంది అన్నాను.

ఇక నా పాట్లు మొదలయ్యాయి. కాగితం మీద గీతలన్నీ ఉన్నాయి, ఒక్కటీ తక్కువ లేదు. కానీ ఏది ముందు మడవాలో, ఏది పైకో, ఏది కిందికో చెప్పేది ఏదీ లేదు. నోటుబుక్కుల కాగితాలు అయిపోయాక పేపర్లు, పేపర్లు అయిపోయాక పెళ్ళి శుభలేఖలు చదరంగా కత్తిరించి మడిచేదాన్ని. ఒక గీతను సరిగ్గా మడిస్తే దాని పక్క గీత మడవడానికి అందేది కాదు. రెండోది మడవడానికి మొదటిది విప్పాల్సి వచ్చేది. అన్నీ ఒకేసారి మడతపడాలన్న విషయం నాకు చెప్పేవాళ్ళు లేరు. చివరికి చేతిలో మిగిలేది మిర్చీ బజ్జీలు కట్టిచ్చిన పొట్లంలా ఉండేది. రైల్వేస్టేషన్ దారిలో కొత్తగా పెట్టిన ఇంటర్నెట్ సెంటరుకు కూడా పోయాను. ఏమని వెతకాలో నాకు తెలియదు, కాగితం పిట్ట అంటే ఆ సెంటరతనికి అర్థం కాలేదు. గంటసేపు కూర్చుంటే తెర మీద ఒక్కొక్క గీతే దిగుతూ చివరికి గోడకు తగిలించుకునే చిలుకల బొమ్మ వచ్చింది. పాపం కష్టపడ్డాడు కదా అని దాన్నే ప్రింటు తీయించుకొని వచ్చాను. అమ్మ ఆ చిలుకను దేవుని పటాల పక్కన అంటించింది.

నా చేత కాని పనిని నాయిన చేత చేయించాలని చూశాను. ఇది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. కాలేజీ నుంచి రాగానే ఆయన ముందు కూర్చొని, ఆ కుడిచేతి వేళ్ళను నా వేళ్ళతో పట్టుకొని కాగితం అంచు మీద ఒత్తేదాన్ని. వేలు జారిపోయేది. మళ్ళీ పెట్టేదాన్ని. మళ్ళీ జారిపోయేది. మడత మీద బొటనవేలితో గట్టిగా రాయి నాయినా, రాయి అని అరిచేదాన్ని. ఆయన కళ్ళలో నీళ్ళు కారుతుంటే మేడం చెప్పింది కదా, నొప్పి ఉంటేనే నరం లేస్తుంది అని నాకు నేనే ధైర్యం చెప్పుకునేదాన్ని. ఒకరోజు ఆయన ఎడమచేత్తో నా చేతిని పక్కకు నెట్టేశాడు. నేను కోపంతో లేచి పోయాను. నా చేతిలో ఏమీ లేదని ఒప్పుకోవడం కంటే ఆయన ప్రయత్నం చేయడం లేదనుకోవడం సులువుగా ఉండింది.

ఆ తర్వాత కొద్దిరోజులకే అది జరిగింది. మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి నాయిన మంచం మీద కూర్చొని, ఎడమచేతిలో పెన్సిలు పట్టుకొని, నా జిరాక్సు కాగితం మీద ఏవో గుర్తులు పెడుతున్నాడు. నా దగ్గర ఉన్నది ఆ ఒక్క కాగితమే. దాని మీద వంకరటింకర ఇంటూలు, చుక్కలు, సగం దాకా. మిగతా సగం ఖాళీ. రెండు సగాలకు నడుమ, మూల నుంచి మూలకు పోయే గీత పక్కన, రెండు పొట్టి గీతలు. నన్ను చూడగానే కాగితాన్ని నా వైపు చాపి, ఎడమచేతి చూపుడువేలు పైకి ఎత్తాడు, కిందికి దించాడు, మళ్ళీ ఎత్తాడు. 'ఆ... ఆ...' అంటున్నాడు. మంచం తలాపు వైపు ఎత్తు చేయమంటున్నాడేమో అనుకొని అమ్మ దిండు తెచ్చింది. ఆయన దిండును తోసేశాడు. వేలు పైకి, వేలు కిందికి. నేను కాగితం లాక్కున్నాను. ఉన్న ఒక్కదాన్ని ఖరాబు చేస్తివి కదా నాయినా అని ఏడుస్తూ దాన్ని ఉండచుట్టి మూలకు కొట్టాను. అమ్మ దాన్ని తీసి, మోకాలి మీద పెట్టి అరచేత్తో సాపు చేసి చూసింది. "మగ్గం గ్రాఫు అనుకుంటుండు పాపం" అంది. "ఏ కాగితం ఇచ్చినా గ్రాఫే అనుకుంటుండు. గ్రాఫు లెక్కనే సగం గీసి ఇడిసిపెట్టిండు."

ఆ మాటతో ఇంట్లో ఏదో తేలిపోయినట్టయింది. అమ్మ మరుసటి రోజు ఊళ్ళో ఒక డాక్టరు దగ్గర ఇదే చెప్పింది. ఆయన నాయినను పేరు చెప్పమన్నాడు, ఇది ఏ వారమో చెప్పమన్నాడు. మాట లేని మనిషి ఏం చెబుతాడు. బుద్ధి మీద కూడా దెబ్బ పడి ఉండొచ్చు, ఇక చిన్నపిల్లాడిని చూసుకున్నట్టు చూసుకోండి అన్నాడు డాక్టరు. మేము అలాగే చూసుకున్నాం, అంటే ఆయనను ఏదీ అడగడం మానేశాం. ఏం తింటావని అడగడం పోయింది, పెట్టింది నోటికి అందించడం వచ్చింది. ఆయన ముందే ఆయన గురించి మాట్లాడుకోవడం అలవాటైంది. ఆయన ఎదుటే మేనమామ మగ్గం తీసేయమన్నాడు. ఆ గది వేరే పనికి వస్తుందని, ఇక ఆ గుంటలోకి దిగేవాళ్ళు ఎవరున్నారని అన్నాడు. అమ్మ రెండు రోజులు ధోవతి ఎత్తి దుమ్ము దులుపుతూనే ఉంది. మూడో రోజు సరే అంది.

పడుగు కోయడానికి పక్కింటి ఈరన్న పెదనాయిన వచ్చాడు. ఆయనదీ మగ్గం పనే. ధోవతి తీసి, నేసినంత మేర చీరను చేత్తో ఒకసారి తడిమి చూశాడు. అంచు మీద హంసలు వరుసగా వస్తూ వస్తూ, ఒక హంస మెడ దాకా వచ్చి ఆగిపోయి ఉంది. కత్తెర పట్టుకున్నాడు గానీ పెట్టడానికి చేయి రాలేదు. ఎక్కించిన మనిషి వెనక గదిలో తలుపుకు ఎదురుగా మంచం మీద ఉన్నాడు, మమ్మల్నే చూస్తున్నాడు. "మీ నాయినను ఒక్క మాట అడుగుదాం బిడ్డా" అన్నాడు నాతో. అమ్మ తలుపు దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడింది. చెప్పాల్సింది నేనే అయింది. చదువుకున్నదాన్ని, డాక్టరు చెప్పింది నాకే ఎక్కువ అర్థమైందన్న అహం కూడా ఉండి ఉంటుంది.

"ఆయనకేం తెల్వదు పెదనాయినా. మీరు కొయ్యుండ్రి" అన్నాను.

కత్తెర చప్పుడు నాకు ఇంకా గుర్తుంది. ఒక్క దెబ్బకు తెగేది కాదు పడుగు, కొరుకుతున్నట్టు కొంచెం కొంచెం తెగుతుంది. సగంలో నాయిన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఎడమచేయి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆ రోజు తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు, పైకీ లేదు, కిందికీ లేదు. మేము దాన్ని కూడా బుద్ధి మందగించడమే అనుకున్నాం. ఇంకో రెండేళ్ళు బతికాడు. ఆ రెండేళ్ళూ మాకు ఏ ఇబ్బందీ పెట్టలేదని, పెట్టింది తిని పండుకున్నాడని వచ్చినవాళ్ళకు చెప్పేవాళ్ళం. నేను కాగితాలు మడవడం ఆ రోజే మానేశాను. డిగ్రీ అయ్యాక టీచరు ఉద్యోగం వచ్చి వనపర్తికి వచ్చేశాం. బడిలో పిల్లలు కాగితం పడవలు చేస్తుంటే కూడా నేను పక్క క్లాసుకు పోతాను, ఏదో పనున్నట్టు.

ఇప్పుడు మా మేఘన ఫోను ముందు పెట్టుకొని అరగంటలో నెమలిని మడుస్తుంది. వీడియోలో చేతులు కనిపిస్తాయి, అర్థం కాకపోతే వెనక్కి జరుపుతుంది, మళ్ళీ చూస్తుంది. ఎంత నెమ్మది కావాలంటే అంత నెమ్మది. మా ఫ్రిజ్ మీద ఆమె కప్పలు, పూలు వరుసగా ఉంటాయి. ఆ వరుసను చూసి నేను మురిసిపోతానని ఆమె అనుకుంటుంది, నేను లోపల ఉడికిపోతుంటానని తెలియదు. నేను ఏడాది ఏడ్చింది ఈ అరగంట పని కోసమా అని. ఆ ఆదివారం జిరాక్సు కాగితం నా చేతిలో చూడగానే ఆమె అది మడతల పటం కదా అని గుర్తుపట్టింది. నేను దాన్ని మడిచి కట్టలో పెట్టేయబోయాను. ఆమె ఆగలేదు. కట్టలోని నాయిన గ్రాఫు ఒకటి తీసి దాని పక్కన పెట్టి, "అమ్మమ్మా, రెండిట్ల ఒకటే తీరు గుర్తులున్నయి. ఈ ఇంటూ అంటే ఏంది" అని అడిగింది.

ఇరవై ఏళ్ళకు దగ్గరగా, మా ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అది. అమ్మ కళ్ళద్దాలు సరిచేసుకొని, అదేం పెద్ద విద్య అన్నట్టు చెప్పింది. "ఇంటూ ఉన్నకాడ పోగు పైకి లేస్తది. సుక్క ఉన్నకాడ కిందికి పోతది." మరి నడుమ ఈ రెండు గీతలేంది అని మేఘన అడిగింది. "గాడికి సగం అయినట్టు. ఇగ గీసే పనిలేదు. గా సగాన్నే తిరగేసి నేసుడు. పూర్తిగ గీసి టైం ఎందుకు పాడు చేసుకుంటరే."

ఎర్ర గీత పైకి, నీలి గీత లోపలికి. ఆ సంగతి నాకు తెలుసు. ఇంటూ పైకి, చుక్క కిందికి. ఆ సంగతి అమ్మకు తెలుసు. ఒకే ఇంట్లో, రెండు మూరల దూరంలో, సగం తెలివి ఆమె దగ్గర, సగం తెలివి నా దగ్గర పెట్టుకొని, రెండూ తెలిసిన మనిషిని తెలివి లేనివాడన్నాం. జాతరలో ఒక్కసారి చూసిన అంచునే మరిచిపోలేని మనిషి, పది మంగళవారాలు ఎదురుగా కూర్చొని చూసిన ఆ రంగులను ఎలా మరిచిపోతాడు. రంగులు పోయిన కాగితంతో నేను తంటాలు పడుతుంటే, తనకు వచ్చిన భాషలో రాసి ఇచ్చాడు. నోట మాట లేదు కాబట్టి వేలితో కూడా చెప్పాడు. ఇంతకంటే విడమరిచి ఏ మనిషీ చెప్పలేడు.

ఇవన్నీ అప్పటికప్పుడు నాకు ఇంత వరుసగా తోచలేదు. తోచకూడదనే కోరుకున్నాను. నిజంగానే పిచ్చి గీతలేమో, నేను ఊహించుకుంటున్నానేమో అనుకున్నాను. మేఘనే డ్రాయింగు షీటు మీద స్కేలు పెట్టి ఆ గీతలన్నీ దింపింది. తాత గుర్తులను ఒక సగంలో పెట్టి, రెండో సగంలో తిరగేసి పెట్టింది. ముందు ప్రతి గీతనూ విడివిడిగా మడిచి విప్పాలి, అప్పుడు అన్నిటినీ కలిపి ఒకేసారి నొక్కాలి అని ఆమె చెబితే అలాగే చేశాను. ఇంటూ ఉన్నచోట వెనక నుంచి వేలితో పైకి నెట్టాను. చుక్క ఉన్నచోట లోపలికి ఒత్తాను. ఒక దగ్గర కాగితం మొండికేసింది. అమ్మయ్య, తప్పు పెట్టాడు అని ఒక్క క్షణం నా మనసు తేలికపడిన మాట దాచను. చూసుకుంటే తప్పు నాదే, చుక్కను ఇంటూ అనుకున్నాను. దాన్ని సరిచేయగానే కాగితం తనంతట తానే దగ్గరికి ముడుచుకుంది. మెడ వచ్చింది, తోక వచ్చింది, రెక్కలు లాగితే విచ్చుకున్నాయి. మేఘనకు అప్పటికీ నమ్మకం చాలక ఫోనులో అలాంటి కొంగ పటం వెతికి, ఎరుపూ నీలం గీతలను తాత గుర్తులతో ఒక్కొక్కటే వేలు పెట్టి సరిచూసింది. అన్నీ కరెక్టే అంది. తాత కూడా వీడియో చూసే పెట్టిండా అని అడిగింది.

అమ్మ పిట్ట వైపు చూడనే లేదు. జిరాక్సు కాగితాన్ని తీసుకొని మోకాలి మీద పెట్టి, అప్పుడు చేసినట్టే అరచేత్తో సాపు చేస్తూ కూర్చుంది. దాన్ని పారేయకుండా గ్రాఫుల కట్టలో ఎందుకు పెట్టావమ్మా అని అడిగాను. ఆయన గుర్తులున్నయి గదా, ఇంకేడ పెడ్తా అంది. మేఘన గ్రాఫు కాగితం దొరికించుకొని లెక్కలు చేసుకోవడానికి లోపలికి పోయింది. అమ్మ కాగితాన్ని సాపు చేస్తూనే ఉంది. సాపు కావాల్సింది ఇంకేమీ లేకపోయినా చేస్తూనే ఉంది.

"గ్రాఫు అనుకుంటుండు అన్న నేను" అంది. నా ముఖం చూడకుండా అడిగింది. "అయితే పడుగు కోసిన దినం ఆయనకు అంత తెలుస్తుండెనా?"

ఈరన్న పెదనాయినకు ఆ రోజు నేను జవాబు చెప్పడానికి రెప్పపాటు కూడా తీసుకోలేదు. అమ్మ నా జవాబు కోసం కూర్చునే ఉంది. ఆయనకేం తెల్వదు అన్న ఆ మాట, ఆ రోజు అంత సులువుగా వచ్చిన మాట, ఎంతసేపు చూసినా నా నోట రాలేదు.